ఆరు లెక్కపెట్టేలోపు

నడుం లోతు నీళ్లు. వెనక బిగుసుకుపోయిన ఇనప తలుపు. ముందు దీపం వెలుగు కూడా ఈదలేని చీకటి. పోయిన వారం మనవాళ్లు ముగ్గురినీ, వాళ్లతో పాటు ఒక రాతిమనిషినీ, సరిగ్గా అక్కడే వదిలేసి వచ్చాం.

నిజానికి ఆ నీళ్లు ఎక్కడా లేవు. ఉన్నదల్లా ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటర్ గది, రెండు బెంచీలు కలిపి చేసిన బల్ల, దాని మీద గళ్ల కాగితం, రకరకాల ముఖాల పాచికలు, సగం తాగిన టీ గ్లాసులు. గోడ మీద తెల్లబోర్డులో శనివారం లెక్కలు సగం చెరిపి ఉన్నాయి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులై తిరుగుతారు, తేలని చోట పాచిక తేలుస్తుంది. అంతే ఆట. కానీ "నీళ్లు నిజం కావుగా" అని ఆ బల్ల దగ్గర అని చూడండి, తన్ని తరిమేస్తారు.

ఆ బల్ల చుట్టూ కుర్చీలు అయిదు, మనుషులు నలుగురు. అయిదో కుర్చీ, బల్ల దగ్గర అందరూ చెల్లాయి అని పిలిచే అమ్మాయి వాళ్ల అన్నది. లిఫ్టు మెకానిక్. పోయి మూడు నెలలైంది. ఒక గురువారం మధ్యాహ్నం, తను పనిచేసే చోటుకి ఊరి రెండో కొసలో, తనకి ఏ పనీ లేని ఒక సందు మలుపులో, లారీ కింద. అక్కడికి ఎందుకు వెళ్లాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగడం కూడా మానేశారు.

పోయే ముందు ఆదివారం, బురుజు కింద నీళ్లు అప్పుడప్పుడే పాదాలు తడుపుతుండగా, అతను ఆటలో ఒక పని చేశాడు. చెల్లెలి ఉంగరంలో తన మంత్రం ఒకటి దాచాడు. మంత్రాలు దాచుకునే ఉంగరం అది, మంత్రం రానివాళ్లు కూడా తొడుక్కుని, అవసరం పడ్డ రోజున విప్పుకోవచ్చు. "ఏం పెట్టావురా?" అని చెల్లాయి అడిగితే, "పీకల మీదకి వచ్చినప్పుడు తెలుస్తుందిలే" అని నవ్వాడు. ఆటలో వెండి ఉంగరం, బల్ల దగ్గర మాత్రం అన్న లిఫ్టు సామాన్లలోంచి ఏరి సానబెట్టిన ఇత్తడి వాషరు. మూడు నెలలుగా అది చెల్లాయి వేలు దిగలేదు. అన్న ఆఖరిసారి ఏం ఇచ్చాడో తెలుసుకోవాలి, తెలుసుకుంటే ఇక అయిపోతుంది. ఈ రెండింటి మధ్యా నలిగి నలిగి పోయిన వారం నడుం లోతు నీళ్లలో నిలబడి అనేసింది: "ఉంగరం విప్పుతున్నా."

అప్పుడే కదా రూల్సు మామయ్య చెయ్యెత్తింది! ఆట అక్కడ ఆగిపోయి, ఈ ఆదివారం మళ్లీ ఆ చెయ్యితోనే మొదలైంది.

"ఆగమ్మా. ఒకటి తేలాలి."

పరీక్షల ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి దిగినాయన. హాల్ టికెట్ లేకపోతే కన్నకూతుర్నయినా గేటు బయటే నిలబెట్టే రకం. ఆటకి ఇంత లావు నోటుపుస్తకం పెట్టుకుని, ఏ వారం ఎవరు ఏం చేశారో అంతా రాసుకుంటాడు.

"మంత్రం పెట్టినవాడు లేడు కదా. వాడు లేకపోయినా వాడు పెట్టింది ఉంటుందా, పోతుందా?"

"మామయ్యా, మునిగిపోతున్నాం మనం!" అంది నర్సక్క. ఆస్పత్రిలో రాత్రంతా డ్యూటీ చేసి నిద్ర మానుకుని వస్తుంది, అందుకే ఓపిక చెంచాడే. "మునగడానిక్కూడా దరఖాస్తు పెట్టాలా?"

"మునిగినా పద్ధతిగా మునగాలమ్మా."

"మీరు పోయాక యమధర్మరాజు గారి దగ్గర కూడా క్యూ సరిచేస్తారు."

మామయ్య నవ్వలేదు. కళ్లజోడు పైకి తోసి, ఒక్కో మాటా తూచి చెప్పాడు. "మంత్రం ఉంగరంలో పడ్డాక అది పెట్టినవాడి చేతిలో ఉండదు. కానీ బలం మటుకు వాడిదే. తొడుక్కున్నది పసిపిల్ల అయినా సరే, విప్పినప్పుడు పనిచేసేది పెట్టిన రోజున వాడికున్న బలం. తర్వాత వాడు ముసలాడైనా, మంచాన పడ్డా, అసలు లేకపోయినా, ఆ రోజు లెక్కే లెక్క."

ఆ రోజు లెక్కే లెక్క.  చెల్లాయికి వాషరు కింద వేలు వెచ్చగా అనిపించింది. అంటే అన్న బలం, ఆ ఆదివారం నాటి బలం, ఇంకా చెడకుండా ఇక్కడే ఉంది. ఈ వేలి మీద.

"అయితే ఇంక విప్పనా?"

"పాచిక ఎవరు వేస్తారు?" అన్నాడు మామయ్య. "ఎవరి బలమో వాళ్ల చెయ్యి. మన పద్ధతి అదీ."

నర్సక్క రెండు చేతులూ బల్ల కిందికి దాచేసుకుంది. "నా వల్ల కాదు బాబూ."

అందరూ ఆట నడిపేవాడి వైపు చూశారు. అద్దాలన్న. కళ్లజోళ్ల షాపులో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు, ఆదివారం వచ్చేసరికి రాక్షసులకీ రాజులకీ అందరికీ తనే గొంతు ఇస్తాడు. చెల్లాయి అన్నకి ప్రాణ స్నేహితుడు. ఇద్దరికీ ఒకే చెప్పుల జత సరిపోయేది, ఒకరిది ఒకరు వేసుకుపోయేవాళ్లు. పోయిన వారం నుంచీ మాత్రం మనిషి తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. కిమ్మనడు.

"నేనే వేస్తా," అంది చెల్లాయి. "మా అన్నదేగా."

"వెయ్యి. దానికి ముందు చిన్నది ఒకటి," అని మామయ్య నోటుపుస్తకంలో వేలు పెట్టాడు. "ఉంగరంలో చోటు అయిదు మెట్లే. మంత్రం ఎంత పెద్దదైతే అన్ని మెట్లు తింటుంది. వాడు పెట్టేనాటికి లోపల ఇంకేమీ లేదుగా?"

"లేదు," అన్నాడు అద్దాలన్న. ఆ వెంటనే, "అంటే... చోటుంది. సరిపడా ఉంది."

చెల్లాయి తలెత్తింది.

ఆ అమ్మాయి చేసేది వినికిడి పరీక్షలు. గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, సన్న సన్న శబ్దాలు పంపుతుంది. వినపడితే వాళ్లు బటన్ నొక్కాలి. కొందరుంటారు, పాపం, వినపడటం లేదని ఒప్పుకోలేనివాళ్లు. శబ్దం పంపకముందే నొక్కేస్తారు. అలాంటివాళ్ల కోసమే చెల్లాయి మధ్యమధ్యలో ఏమీ పంపకుండా ఊరికే ఆగుతుంది. ఏమీ లేని చోట బటన్ వెలిగిందా, దొరికిపోయినట్టే. ఇప్పుడు అద్దాలన్న నొక్కాడు. ఏమీ పంపకుండానే.

"లేకపోవడం ఏంట్రా?" అంది నర్సక్క. "నాది ఉందిగా!"

"నీదా?" అన్నాడు మామయ్య.

"గాయాలు మాన్పేది. దీనికి దెబ్బ తగిలితే పనికొస్తుందని దానికంటే ముందు వారమే పెట్టా. మీ పుస్తకంలో ఉంటుంది చూడండి."

"పెట్టినట్టు ఉంది. ఎన్ని మెట్లో లేదు. అది ఆట నడిపేవాడి చెవిలో చెప్పే విషయం, నాకు తెలీదు. ఎన్ని?"

"మూడు."

మామయ్య లేచి వెళ్లి, తెల్లబోర్డు మీద ఎవరో సగం వదిలిన లెక్క పక్కన, నీలం పెన్నుతో 3 అని రాశాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "వాడు నీ చెవిలో ఎంత చెప్పాడు నాయనా?"

అద్దాలన్న పాచికలు ఒక వరసలో సర్దుతున్నాడు.

"అన్నా," అంది చెల్లాయి. "మామయ్య నిన్నే అడుగుతున్నాడు."

"మూడు."

నీలం పెన్ను ఇంకో 3 రాసింది. కింద గీత గీసింది. గీత కింద ఏమీ రాయలేదు, అవసరం లేదు కాబట్టి. ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుసు అయిదులో ఆరు పట్టదని.

"పట్టకపోతే?" అంది చెల్లాయి. తన గొంతు తనకే ఎక్కడో గాజు గది అవతల నుంచి వినపడింది. "మామయ్యా, పట్టకపోతే ఏమవుతుంది?"

"కాలిపోతుందమ్మా. ఉంగరంలో ఉండదు. పెట్టినవాడి దగ్గరా ఉండదు." ఆయన పెన్ను మూత పెట్టి, చాలాసేపు ఆ మూతనే నొక్కుతూ నిలబడ్డాడు. "ఆ మాట అక్కడికక్కడే ఆట నడిపేవాడు చెప్పాలి."

మూడు నెలలు! స్నానం చేసేటప్పుడు సబ్బు జారితే వాషరు ఎక్కడ జారుతుందో అని పిడికిలి బిగించింది. బస్సులో కునుకుపడితే బొటనవేలితో తడిమి చూసుకుంది. గాజు గది అవతల కూర్చుని, శబ్దానికీ శబ్దానికీ మధ్య ఖాళీలో, దీంట్లో ఏముందో అని వెయ్యిసార్లు ఊహించుకుంది. తలుపా? దీపమా? రెక్కలా? ఏదైనా కానీ, అన్నది. ఇప్పుడు తెలిసింది, మోసింది ఇత్తడి ముక్క.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"ఆ రోజే తెలుసు."

"ఆ రోజు వాడి మొహం నువ్వు చూళ్లేదు చెల్లాయ్. వారమంతా ఆలోచించి పెట్టాడది. 'ఒరేయ్, మా చెల్లి ఇది విప్పిన రోజున నువ్వు కుర్చీలోంచి పడిపోతావు' అన్నాడు నా చెవిలో. అప్పుడు 'పట్టదురా, కాలిపోయింది' అని ఎలా అనను? వచ్చే వారం చెబుదాంలే, పక్కకి తీసుకెళ్లి చెబుదాంలే అనుకున్నా."

"వచ్చే వారం!"

"అవును. వచ్చే వారం."

"సరే, వాడు పోయిన రోజు చెప్పలేవు. ఒప్పుకుంటా. నెలకి? రెండో నెలకి? పోయిన వారం నేను విప్పుతున్నా అన్నప్పుడు? అప్పుడు నీ నోట్లో ఏముంది, బెల్లంగడ్డా?"

అద్దాలన్న అరచేతులు చూసుకున్నాడు. గాజుపొడికి వేళ్ల కొసలు అరిగిపోయి నున్నగా ఉంటాయి ఆయనకి. "విప్పితే... ఏదో ఒకటి చెబుదామనుకున్నా. మంచి మంత్రం. వాడు పెట్టి ఉండేలాంటిదే. నీళ్లు చీలిపోయి దారి వచ్చేలా..."

"వాడి పేరు మీద నువ్వు కల్పించి?"

"నీకు తెలిసేది కాదు."

"అదే అన్నా," అంది చెల్లాయి. అరవలేదు, అరిచినా బాగుండేది. "నాకు తెలిసేది కాదు. నేను జన్మంతా అది మా అన్నదే అనుకునేదాన్ని. నువ్వు చేసిన బొమ్మని పట్టుకుని ఏడ్చేదాన్ని."

నర్సక్క ముక్కు చీదింది. మామయ్య తన కుర్చీలో కూర్చోకుండా దాని వెనకే నిలబడిపోయాడు.

"చీటీ ఇచ్చెయ్," అంది చెల్లాయి చెయ్యి చాపి.

చీటీ అంటే ఇదీ: ఉంగరంలో మంత్రం పెట్టినవాళ్లు దాని పేరు ఒక చీటీ మీద రాసి, మడిచి, అంటించి, మడత మీద సంతకం చెయ్యాలి. తర్వాత మాట మార్చకుండా. ఆ చీటీ రేకు డబ్బాలో వెయ్యాలి. మూతకి సన్నని చీలిక ఉంటుంది, డబ్బా అద్దాలన్న షాపు కౌంటర్ మీదే ఉంటుంది. ఆదివారాల మధ్యలో ఎవరికైనా ఏదైనా దాచాలనిపిస్తే షాపుకి వెళ్లి చీలికలో పడేసి రావచ్చు. ఉంగరం విప్పే రోజు దాకా మూత తియ్యకూడదు.

"కాలిపోయినదాని చీటీ ఆటలోది కాదు," అన్నాడు మామయ్య మెల్లగా. "ఉత్త కాగితం. ఆ పిల్ల అన్న రాసిన కాగితం. ఇచ్చెయ్యి."

అద్దాలన్న సంచిలోంచి డబ్బా తీశాడు. మూత బిగుసుకుపోయి ఉంది, గోళ్లతో రాలేదు, నర్సక్క కత్తెర మొన పెట్టి లేపితే టప్పున లేచింది. ఆయన డబ్బాని బల్ల మీద బోర్లించాడు.

గులాబీ రంగు చీటీ. నర్సక్కది. గళ్ల కాగితం చీటీ. అన్నది.

ఇంకోటి.

 మూడో చీటీ నున్నటి తెల్ల కాగితం, చేత్తో చింపినట్టు ఒక అంచు గరుకుగా ఉంది. మడత మీద సంతకం. అన్న సంతకమే, చివర తోకని అంత దూరం లాగేది వాడొక్కడే.

"ఇదెప్పటిది?" అన్నాడు మామయ్య. నోటుపుస్తకం పేజీలు గబగబా తిప్పాడు. "వాడు పెట్టింది ఒక్కటే. నా దగ్గర ఒక్కటే ఉంది."

అద్దాలన్న ఆ చీటీని ముట్టుకోలేదు. వంగి చూశాడు.  "ఇది మా షాపు కాగితం. కళ్ల నంబర్లు రాసిచ్చే పుస్తకంలోది. రోజూ పొద్దున్నే షాపు తియ్యగానే పై పది కాగితాల మీద తేదీ స్టాంపు కొడతాం."

స్టాంపు మూలన ఉంది. ఊదారంగు, కొంచెం వంకరగా.

గురువారం తేదీ. *ఆ* గురువారం.

మీరు చదువుతున్నారు కాబట్టి ఒక క్షణంలో దాటేస్తారు. ఆ గదిలో మాత్రం ఆ క్షణం దాటలేదు. మూడు నెలలుగా ఒక ఇంట్లో అన్నం దగ్గర, తలుపు దగ్గర, నిద్రలో, ఎవరూ పైకి అడగకుండా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: గురువారం మధ్యాహ్నం వాడికి ఆ సందులో ఏం పని? ఇదిగో, పని. నాలుగు మడతల కాగితం. కళ్లజోళ్ల షాపు నుంచి బస్టాపుకి వెళ్లాలంటే ఆ మలుపు దాటాల్సిందే. షాపుకి వచ్చాడేమో అని అప్పట్లో అడిగితే అద్దాలన్న చూడలేదన్నాడు, అంతటితో ఆ మాట వదిలేశారు.

"వాడికి తెలిసిపోయింది," అంది నర్సక్క.  "బుధవారం రాత్రి ఫోన్ చేశాడు నాకు. 'అక్కా, ఉంగరంలో నీది ఎన్ని మెట్లు?' అన్నాడు. మూడురా అన్నా. 'చచ్చాం' అని నవ్వి పెట్టేశాడు. నేను మళ్లీ ఆలోచించనే లేదు."

"రెండే మిగిలాయి కాబట్టి రెండు మెట్లది పెట్టడానికి వచ్చాడు," అన్నాడు మామయ్య.

అద్దాలన్న ఎవరికీ కాకుండా గోడకి చెబుతున్నట్టు మొదలెట్టాడు. "కౌంటర్ అమ్మాయి భోజనానికి వెళ్లింది. నేను లోపల మిషన్ మీదున్నా. ఎవరో 'ఒరేయ్' అన్నట్టు అనిపించింది. మిషన్ ఆపలేదు. అద్దం సగంలో ఉంది, మధ్యలో ఆపితే గీత పడుతుంది. అయ్యాక చూద్దాంలే అనుకున్నా." ఆగాడు. "అయ్యాక వచ్చి చూశా. ఎవరూ లేరు. సందు చివర జనం మూగి ఉన్నారు."

అప్పుడు ఆ మనిషిని తిట్టాలనిపించింది చెల్లాయికి. ఆదివారమే ఒక్క మాట, *పట్టదురా* అని ఒక్క మాట అనుంటే, గురువారం అన్న వచ్చేవాడే కాదు. తిట్టడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఆయన అప్పటికే ఆ లెక్క వేసేసుకున్నాడని మొహం చూస్తే తెలిసిపోతోంది. గీత కింద జవాబు తనే రాసుకున్నాడు. పుండు మీద కారం చల్లాలంటే కూడా కాస్త చోటుండాలి కదా.

"అయితే ఉన్నట్టే!" అంది నర్సక్క ఒక్కసారిగా, కళ్లు తుడుచుకుని. "మూడూ రెండూ అయిదు! సరిపోయింది! ఉంగరంలో వాడిది ఉంది చెల్లాయ్!"

అందరూ మామయ్య వైపు తిరిగారు. ఆయన ఎందుకో సంతోషపడలేదు.

"చీటీ ఒక్కటే చాలదు," అన్నాడు. "పెట్టేవాడు ఉంగరం మీద వేలు వేసి ఆరు లెక్కపెట్టాలి. చెయ్యి తియ్యకుండా. ఉంగరం ఆ వారమంతా నీ వేలికే ఉందమ్మా. గురువారం లోపు వాడు దాన్ని ముట్టుకున్నాడా?"

"ఎన్ని వందల రూల్సు మామయ్యా మీకు!" అని నర్సక్క విరుచుకుపడింది. "వదిలెయ్యండి దాన్ని!"

చెల్లాయికి మాత్రం ఆ మాటలేవీ వినపడలేదు.

గురువారం పొద్దున. గుమ్మం దగ్గర. తను ఒంటికాలి మీద నిలబడి బూటు లాక్కుంటోంది, ఆసరాకి ఎడమచెయ్యి గోడకి ఆనించింది. అన్న పక్కకి వచ్చాడు, పళ్లు తోముకుంటూనే. ఒక వేలు తెచ్చి వాషరు మీద పెట్టాడు. నోట్లో నురగ. పెదాలు మాత్రం కదులుతున్నాయి. పిచ్చివేషాలు వేస్తున్నాడనుకుంది. "వదులురా, బస్సు పోతుంది!" అని చెయ్యి లాక్కుంది. అన్న ఏదో అనబోయి, నురగ కారుతుంటే తల వెనక్కి వాల్చి, చేత్తోనే వెళ్లు వెళ్లు అన్నట్టు ఊపాడు.

అంతే. ఆఖరిసారి చూడటం అదే.

"ముట్టుకున్నాడు," అంది.

నర్సక్క చప్పట్లు కొట్టేసింది.

"ఆరూ లెక్కపెట్టాడా?" అన్నాడు మామయ్య.

ఎంత తేలికో చూడండి. *ఆఁ* అంటే చాలు. ఒక్క అక్షరం. కాదనే సాక్షి ఈ లోకంలో లేడు. నర్సక్క కళ్లు అడుగుతున్నాయి, అద్దాలన్న మొహం అంతకంటే ఎక్కువ అడుగుతోంది, ఆ 'ఆఁ' తన గొంతు మీది ఉరితాడు కొంచెమైనా వదులు చేస్తుందన్నట్టు. బటన్ నొక్కెయ్యడమే. ఏమీ వినపడకపోయినా నొక్కేవాళ్ల మీద రోజూ జాలిపడే అమ్మాయికి, వాళ్లు ఎందుకు నొక్కుతారో మొదటిసారి ఒంటికి తెలిసింది.

అన్న పెదాలు. ఒకటి. రెండు. మూడు, అక్కడ నురగ చుక్క గడ్డం మీదికి జారింది. నాలుగు.

"నాలుగు," అంది చెల్లాయి. "నాలుగు దగ్గర లాక్కున్నా."

 నర్సక్క రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "వాడు అయిపోయిందనే అనుకున్నాడు," అంది వేళ్ల సందుల్లోంచి. "ఎదవకి ఆరు దాకా లెక్కపెట్టే ఓపిక ఎప్పుడుంది!"

మామయ్య నోటుపుస్తకం పక్కన పెట్టి అసలు రూల్సు పుస్తకం తీశాడు. అట్ట ఊడిపోయి తాడుతో కట్టిన పుస్తకం. వేలితో ఒక్కో వరసా తడుముతూ పోయాడు, పోయాడు, ఒక చోట ఆగి అదే వరస మూడుసార్లు చదివాడు.

"కాలిపోయేది పట్టనప్పుడు," అన్నాడు. "చోటు చాలనప్పుడు. ఇది ఆ లెక్క కాదు. ఆరు కాకముందే చెయ్యి తీస్తే మంత్రం అసలు పడనే లేదు. పడనిది కాలదు."

"అంటే?"

"పెట్టబోయినవాడి దగ్గరే ఉంటుంది." ఆయన కళ్లజోడు తీసేశాడు. కళ్లజోడు లేకుండా ఆయన్ని వాళ్లెవరూ ఎప్పుడూ చూడలేదు, ఎవరో వేరే ముసలాయనలా ఉన్నాడు. "అంటే అమ్మా, అది ఇంకా వాడి దగ్గరే ఉంది."

ఎవరూ ఖాళీ కుర్చీ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో అందరికీ తెలిసింది.

ఆటలో మాత్రం అతను ఎక్కడికీ పోలేదు కదా. అన్న ఆడే పాత్ర దీపాలాయన, ముసలి మంత్రగాడు. అన్న పోయాక ఆ పాత్రని చంపడానికి అద్దాలన్నకి నోరు రాలేదు. అందుకని "దీపాలాయన రాయి అయిపోయాడు" అనేసి ఊరుకున్నాడు. ఆ రాయి అప్పట్నుంచీ బురుజు కింద, ఇనప తలుపు పక్కనే నిలబడి ఉంది. నీళ్లు దాని నడుం దాకా కూడా వచ్చాయి.

"నేను వెనక్కి వెళ్తా," అంది చెల్లాయి. గళ్ల కాగితం మీద తన బొమ్మని పట్టుకుని, ఒక గడి, ఇంకో గడి, తలుపు వైపు జరిపింది. "అన్న ముందు నిలబడతా. ఉంగరం ఉన్న చెయ్యి చాపుతా. ఈసారి లాక్కోను. చీటీలు అప్పటిదాకా విప్పను."

"రాయికి లెక్క రాదమ్మా," అన్నాడు మామయ్య. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమైందో.

"రాయి చేసింది నేను." అద్దాలన్న లేచి నిలబడ్డాడు. ఇంతసేపట్లో మొదటిసారి అది ఆట నడిపేవాడి గొంతు, రాజులకీ రాక్షసులకీ ఇచ్చే గొంతు, కాకపోతే మధ్యలో చీలింది. "నేనే చేశా, నేనే విప్పుతున్నా. నువ్వు ఎదురుగా వచ్చావు. నీళ్లు ఇప్పుడు నీ రొమ్ము దాకా వచ్చాయి. రాయి భుజం మీద సన్నగా ఒక గీత పడింది. గీత మెడ దాకా పాకింది. పెచ్చులు ఊడి నీళ్లలో పడుతున్నాయి. లోపల చర్మం. చల్లగా ఉంది కానీ... చర్మమే. కళ్లు తెరిచాడు. నీ చేతి వైపు చూస్తున్నాడు."

చెల్లాయి నిజంగానే చెయ్యి చాపింది, బల్ల మీదుగా, ఖాళీ కుర్చీ వైపు. అప్పుడు చూసింది కుర్చీని.

"లెక్కపెట్టాలి," అంది. "ఎవరు లెక్కపెడతారు వాడికి?"

"నేను కాదు," అన్నాడు అద్దాలన్న వెంటనే. "నేను ఇంకొక్క మాట కూడా వాడి బదులు అనను."

"ఉంగరం తొడుక్కున్న పిల్లే పెట్టే చెయ్యి కూడా కాకూడదు," అన్నాడు మామయ్య. తర్వాత ఏదో గుర్తొచ్చి, ఖాళీ కుర్చీ ముందున్న అన్న పాత్ర కాగితం వైపు వేలు చూపించాడు. బలాలూ, మంత్రాలూ, సామాన్లూ అన్నీ రాసి ఉండే కాగితం, మూడు నెలలుగా ఒకేవైపు పైకి ఉంది. "వెనక్కి తిప్పు. మొదటి రోజే మీ అందరిచేతా రాయించా. ఎవరైనా ఒక ఆదివారం రాలేకపోతే వాళ్ల మనిషిని ఎవరు ఆడించాలో."

ఆ మొదటి రోజు నర్సక్క రాసింది చెల్లాయి పేరు. చెల్లాయి రాసింది అన్న పేరు. అన్న ఎవరిని రాస్తాడు? అయితే తననే, కాకపోతే అద్దాలన్నని. వేరే ఎవరున్నారు?

చెల్లాయి కాగితం తిప్పింది.

ఒకే ఒక్క మాట. పెన్సిలుతో, గట్టిగా నొక్కి.

*అమ్మ.*

"మీ అమ్మగారికి ఆట వచ్చా?" అన్నాడు అద్దాలన్న, అయోమయంగా.

అమ్మకి ఆట! అమ్మ ఈ గది గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. బట్టల షాపుకి ఆల్టరేషన్లు కుట్టే అమ్మ, ఆదివారాలు కూడా మిషన్ దిగని అమ్మ. అన్న బతికున్నప్పుడు "ఆ పాచికలేంటో, ఆ కేకలేంటో" అని విసుక్కునేది. వాడు పోయాక చెల్లాయి ఆదివారం చెప్పులు వేసుకుంటుంటే అమ్మ ఏమీ అనదు, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. ఆ అమ్మ దగ్గర కూర్చుని వాడు ఏ రోజు ఏం చెప్పాడో! ప్రతి ఆదివారం రాత్రి వంటింట్లో వాడి గొంతు గంటలు గంటలు వినపడేది నిజమే. పక్క గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పడుకున్న తనకి, వినికిడి పరీక్షలు చేసే తనకి, అదేంటో వినాలని ఒక్కసారి కూడా తోచలేదు.

ఫోన్ తీసింది. మోగుతోంది. 

అవతల ఎత్తారు. కుట్టుమిషన్ చప్పుడు టకటకమని వినపడుతోంది.

"అమ్మా, నేను..." అంది చెల్లాయి. ఏం చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? "ఆట దగ్గరున్నా. ఇక్కడ... అన్న దగ్గర నిలబడ్డా, అమ్మా."

మిషన్ ఆగిపోయింది.

 అమ్మ అడిగింది, నిద్రలేని గొంతుతో, ఎన్నాళ్ల నుంచో ఆ ఒక్క మాట అడగడానికే ఎదురుచూస్తున్నట్టు:

"నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయే?"